పొగాకు సారం: తేటకూ మడ్డికీ మధ్య నాలుగు వందల ఏళ్ల చరిత్ర



హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లినవారు బిద్రీ పనితనపు వస్తువులను చూసే ఉంటారు. నల్లని లోహం మీద వెండి తీగలతో పూలూ లతలూ పొదిగిన ఆ కళ దక్కనుకు గర్వకారణం. బీదరు పనివారు ఈ పద్ధతిలో చేసిన వాటిలో హుక్కా కుండలు ప్రసిద్ధమైనవి. చూసినవారు పనితనాన్ని మెచ్చుకుంటారు, ముందుకు సాగిపోతారు. చరిత్ర విద్యార్థి మాత్రం అక్కడ ఒక నిమిషం ఆగి, అసలు ఈ కుండ ఎందుకు అని అడగాలి.

ఆ కుండలో నీళ్లు పోసేవారు. పైన చిలుములో పొగాకు, దాని మీద నిప్పు. గొట్టం నోట పెట్టుకుని పీలిస్తే పొగ ఆ నీళ్లలోంచి బుడబుడలాడుతూ వచ్చేది. కొంతసేపటికి నీళ్లు గోధుమ రంగుకు తిరిగేవి, వాసన కొట్టేవి. నౌకరు వాటిని పారబోసి కొత్త నీళ్లు పోసేవాడు. ఆ మురికి నీళ్లను చూసిన ప్రభువుకు ఏమనిపించి ఉంటుంది? మడ్డి అంతా నీళ్లలో ఆగిపోయింది, నేను పీల్చింది తేట అనే కదా!

ఈనాటి ప్రసంగం ఆ నమ్మకం చరిత్ర. అది హుక్కాతో అంతరించిపోలేదు. మన కాలంలో కొందరు పొగాకు ఆకును ఇంట్లోనే నానబెట్టి, దాని సారం తీసి, దానిని ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో వేడిచేసి ఆవిరిగా పీలుస్తున్నారు. వారిని వేధించే సమస్య ఒకటుంది. ఆ పరికరంలో ద్రవాన్ని వేడిచేసే చిన్న లోహపు తీగచుట్ట ఉంటుంది. దానిని కాయిల్ అంటారు. ఇంటి సారం పోస్తే కాయిల్ మీద కొద్ది రోజులకే నల్లటి మాడు కడుతుంది. మాడు కట్టకుండా సారం ఎలా తీయాలి అన్నదే వారి విద్య అంతా. బిద్రీ కుండకూ ఈ తీగచుట్టకూ మధ్య నాలుగు శతాబ్దాల దూరం ఉంది. అడుగుతున్న ప్రశ్న మాత్రం ఒక్కటే. ఆ ప్రశ్న సరైనదేనా అన్నది మనం పరిశీలిద్దాం.

అక్బరు కొలువులో ఒక వాదన

పొగాకు మన నేలలో పుట్టిన మొక్క కాదు. అది అమెరికా ఖండాలది. 1492 తర్వాత నావికుల వెంట ఐరోపాకు చేరింది. 1560లో పోర్చుగల్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉన్న జాన్ నికో దానిని మందుమొక్కగా భావించి తన రాజకుటుంబానికి పంపాడు. 1753లో లిన్నేయస్ ఈ మొక్కల ప్రజాతికి నికోటియానా అని పేరు పెట్టింది ఆయనను బట్టే. ఆ తర్వాత అందులోని విషానికీ అదే పేరు అంటుకుంది, నికోటిన్ అని. మన దేశానికి ఈ మొక్కను తెచ్చినవారు పోర్చుగీసు వర్తకులు.

మొగలు కొలువులో పొగాకు ప్రవేశాన్ని అసద్ బేగ్ అనే ఉద్యోగి స్వయంగా రాసిపెట్టాడు. అక్బరు పాలన చివరి రోజులవి. బీజాపూరు దౌత్యానికి వెళ్లి 1604లో తిరిగి వచ్చిన అసద్ బేగ్, అక్కడ చూసిన పొగాకునూ రత్నాలు పొదిగిన పొగగొట్టాన్నీ చక్రవర్తికి కానుకగా సమర్పించాడు. అక్బరు కుతూహలంతో రెండు మూడు దమ్ములు పీల్చాడు. అప్పుడు ఆస్థాన హకీము అడ్డుపడ్డాడు. ఈ ఆకు గురించి మన వైద్య గ్రంథాల్లో ఏమీ లేదు, పరీక్షించని మందును ఏలినవారు వాడరాదు అన్నది ఆయన వాదన. అసద్ బేగ్ ఊరుకోలేదు. ప్రపంచంలో ఏ ఆచారమైనా ఒకప్పుడు కొత్తదే కదా అని ఎదురు వాదించాడు. అక్బరు దానిని అలవాటు చేసుకోలేదు. ప్రభువులు మాత్రం చేసుకున్నారు. వర్తకులు అమ్మారు. 1617లో జహంగీరు పొగ తాగడాన్ని నిషేధిస్తూ ఆజ్ఞ జారీచేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

నీళ్లలోంచి పొగను పంపే హుక్కాను హకీం అబుల్ ఫత్ గీలానీ కనిపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన మరణించింది 1589లో. అసద్ బేగ్ పొగాకు తెచ్చింది 1604లో. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కథను కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలని మీకే అర్థమవుతుంది. కథ నిజమైనా కాకపోయినా, జనం దానిని ఒక హకీముకు అంటగట్టడంలోనే ఒక విశేషం ఉంది. నీటి కుండ అలంకారం కాదు, ఆరోగ్య సాధనం అని ఆ కాలం నమ్మింది.

ఆ నమ్మకం ఎంతవరకు నిజం? నీరు పొగను చల్లబరుస్తుంది. నీటిలో కరిగే కొన్ని పదార్థాలను కొంత పట్టుకుంటుంది. పొగ చల్లగా, మెత్తగా తగలడంతో మనిషి ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసేపు పీలుస్తాడు. గంటసేపు సాగే ఒక హుక్కా విడతలో పీల్చే పొగ పరిమాణం, ఒక సిగరెట్ పొగకు 100 నుంచి 200 రెట్లు ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో హెచ్చరించింది. నీళ్లలో ఆగినది కళ్లకు కనిపించింది. లోపలికి పోయినది కనిపించలేదు. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. మన చరిత్ర అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

వంటశాల నుంచి రసాయనశాలకు

పొగాకు సారం తీయడం మన దేశానికి కొత్త విద్య కాదు. లక్నో, వారణాసి కిళ్లీ దుకాణాల్లో కిమామ్ అనే ముద్ద దొరుకుతుంది. పొగాకు ఆకును నీళ్లలో ఉడికించి, వడకట్టి, సుగంధ ద్రవ్యాలు కలిపి, లేహ్యంలా చిక్కబడేదాకా కాచి తయారుచేసేదే కిమామ్. పిప్పి పారేసి సారం మిగిల్చుకోవడమన్న మాట. మన రైతులకు తెలిసిన పద్ధతి ఇంకొకటి ఉంది. పేనుబంక పట్టిన పైరు మీద పొగాకు కషాయం కొట్టడం. ప్రకృతి వ్యవసాయంలో వాడే అగ్నిఅస్త్రంలో కూడా పొగాకు ఒక భాగం. ఒకే ఆకు, ఒకే రకం కషాయం. ఒకచోట తాంబూలంలోకి, ఇంకొకచోట పురుగుమందుగా. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించినవారు తక్కువ.

ఆ కషాయంలో పురుగును చంపేది ఏది? దీనికి జవాబు ఐరోపా రసాయన శాస్త్రవేత్తలు వెతికారు. 1809లో ఫ్రాన్సులో వోక్లాన్ పొగాకు రసంలో ఘాటైన, ఆవిరయ్యే పదార్థం ఒకటి ఉందని గుర్తించాడు. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్ అనే వైద్యుడు, రైమాన్ అనే రసాయన శాస్త్రవేత్త కలిసి దానిని శుద్ధరూపంలో వేరుచేశారు. అదే నికోటిన్. రంగులేని, నూనె వంటి ద్రవం. నాలుగు వందల ఏళ్ల తేట వెతుకులాటలో ఇంతకంటె తేట అయిన సారం ఇంకొకటి లేదు. మడ్డి లేదు, పిప్పి లేదు. ఇంతకంటె ప్రమాదకరమైనదీ లేదు.

అది ఎంత ప్రమాదకరమో 1850లో బెల్జియంలో జరిగిన ఒక ఘోరం లోకానికి చాటింది. అప్పుల్లో మునిగిన బోకార్మె అనే ప్రభువు రసాయన విద్య నేర్చుకున్నాడు. తన కోటలోనే పరికరాలు పెట్టుకున్నాడు. పొగాకు ఆకుల నుంచి నికోటిన్ తీసి, ఆస్తి కోసం దానితో తన బావమరిదిని చంపాడు. మొక్కల నుంచి వచ్చే ఇటువంటి విషాలు శవంలో ఆనవాలు దొరకవని ఆనాటి నిపుణుల అభిప్రాయం. న్యాయాధికారులు ఈ పనిని జాన్ స్తాస్ అనే రసాయన శాస్త్రవేత్తకు అప్పగించారు. ఆయన కొత్త పద్ధతి ఒకటి రూపొందించి, మృతుని అవయవాల నుంచే నికోటిన్‌ను వెలికితీసి చూపించాడు. 1851లో బోకార్మెకు మరణశిక్ష అమలయింది. స్తాస్ పద్ధతిని ఆటో అనే మరో శాస్త్రవేత్త మెరుగుపరిచాడు. స్తాస్-ఆటో పద్ధతి అన్న పేరుతో అది నేటికీ నేరపరిశోధన విద్యార్థుల పాఠాల్లో ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. హంతకుడు పాత్రలోని సారాన్ని చూశాడు. శాస్త్రవేత్త శరీరంలోకి చేరిన దానిని చూశాడు. నిజం బయటపడింది శరీరాన్ని పరీక్షించినప్పుడే.

ఆ తర్వాత నికోటిన్ పురుగుమందుల పరిశ్రమలోకి ప్రవేశించింది. 40 శాతం నికోటిన్ సల్ఫేట్ ద్రావణం ఎన్నో దేశాల తోటల్లో వాడారు. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. తడిసిన పచ్చి పొగాకు ఆకులను కోసే కూలీలకు వాంతులు, తల తిరగడం, నీరసం రావడానికి కారణం ఇదే. ఈ జబ్బును వైద్య పత్రికలు 1970లో అమెరికా పొలాల నుంచి వర్ణించాయి. నికోటిన్ సల్ఫేట్‌ను 1992లో మన ప్రభుత్వం దేశంలో వాడకుండా నిషేధించింది. పురుగుమందుల గోదాములో కూడా చోటు దక్కని సారం అది.

ఆకులో నిలిచిన చక్కెర

ఇక కాయిల్ మీద కట్టే మాడు ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే మనం ముందుగా పొలంలోకి, అక్కడినుంచి బ్యారన్‌లోకి వెళ్లాలి.

పొగాకును ఎండబెట్టే పద్ధతులు అనేకం. నాటు పొగాకును ఎండలోనో నీడలోనో నెమ్మదిగా ఆరబెడతారు. కోసిన ఆకు వెంటనే చచ్చిపోదు. ఆరేలోపల అది తనలోని చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది. అందుకే నాటు ఆకులో చివరికి చక్కెర చాలా తక్కువ. వర్జీనియా పొగాకు సంగతి వేరు. 1839లో అమెరికాలోని ఉత్తర కరోలినాలో స్టీఫెన్ అనే బానిస యువకుడు ఆకు ఆరబెట్టే కొట్టానికి రాత్రి కాపలా ఉన్నాడు. కునుకు పట్టింది. లేచి చూసేసరికి మంట ఆరిపోతున్నది. గాభరాగా బొగ్గులు తెచ్చి వేశాడు. ఒక్కసారిగా పెరిగిన వేడికి ఆకు బంగారు పసుపు రంగుకు తిరిగింది. ఆ ఆకుకు మంచి ధర పలికింది. తర్వాతి కాలంలో పొగ తగలకుండా ఇనుప గొట్టాల ద్వారా వేడిని పంపే బ్యారన్లు వచ్చాయి. వేడికి ఆకు త్వరగా ఆరిపోతుంది. అందులోని పిండిపదార్థం చక్కెరగా మారి, ఖర్చు కాకుండా అలాగే నిలిచిపోతుంది. ఎండిన వర్జీనియా ఆకు బరువులో 10 నుంచి 25 శాతం వరకు చక్కెరలు ఉండవచ్చు.

ఈ పంట మనకు దగ్గరిదే. 1920లలో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా సాగు వేళ్లూనింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరులో పొగాకు బోర్డు ఏర్పడ్డాయి. ప్రకాశం, నెల్లూరు, గోదావరి జిల్లాల్లో ఎన్నో కుటుంబాలకు ఈ బ్యారన్లే బతుకుతెరువు.

ఆ చక్కెర మనిషి ఊపిరితిత్తులకు కొత్త దారి తెరిచింది. చుట్ట పొగ క్షార స్వభావం కలది. గొంతులో మండుతుంది. అందుకే చుట్ట కాల్చేవారు పొగను ఎక్కువగా నోటిలోనే ఉంచుకుంటారు. కన్యాశుల్కంలో గిరీశం శిష్యుడైన వెంకటేశానికి నేర్పిన ఘనవిద్య ఈ చుట్టే. చక్కెర ఎక్కువగా ఉన్న వర్జీనియా ఆకు కాలితే పొగకు ఆమ్ల స్వభావం వస్తుంది. అది గొంతుకు అంతగా గుచ్చుకోదు. కనుక ఊపిరితిత్తుల అడుగుదాకా లాగవచ్చు. మెత్తగా తగిలిన పొగ లోతుగా దిగింది. 20వ శతాబ్దంలో ఊపిరితిత్తుల కేన్సర్ అంతగా పెరగడానికి సిగరెట్ యంత్రంతో పాటు ఈ పసుపు ఆకు కూడా కారణమని చరిత్రకారులు చెబుతారు. హుక్కా నీళ్లు చేసిన మోసమే ఇక్కడ చక్కెర చేసింది.

రంగు మారే ఫిల్టర్

1950లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్, అమెరికాలో విండర్, గ్రాహమ్ వేర్వేరుగా తమ పరిశోధనలు ప్రచురించారు. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల కేన్సరుకూ ఉన్న సంబంధం బయటపడింది. పొగతాగేవారు భయపడ్డారు. కంపెనీలు వారి భయానికి ఫిల్టర్ చూపించాయి. 1952 నుంచి 1956 వరకు అమెరికాలో కెంట్ అనే సిగరెట్ ఫిల్టర్‌లో వాడిన పదార్థం ఏమిటో తెలుసా? నీలి ఆస్బెస్టాస్. అదే ఒక కేన్సర్ కారకం. శుద్ధి చేసే సాధనమే విషమైపోయింది.

ఇంకొక ఉదాహరణ ఇంతకంటె ఆలోచింపజేసేది. 1953లో ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త క్లాడ్ టీగ్ ఒక సూచన చేశాడు. పొగ తగలగానే ఫిల్టర్ రంగు ముదిరేలా చేయాలన్నది ఆ సూచన. దానివల్ల ఫిల్టర్ పనితనం పెరగదని ఆయనకు తెలుసు. అమ్మకాలకు మాత్రం మేలు చేస్తుందని ఆయన లెక్క. గోధుమ రంగుకు తిరిగిన ఫిల్టర్‌ను చూసిన మనిషి, మొగలు ప్రభువు హుక్కా నీళ్లను చూసినట్టే, ఇంత మురికి ఆగిపోయిందే అని తృప్తి పడతాడు. నాలుగు వందల ఏళ్ల నమ్మకం ఇక్కడ ఒక వ్యాపార సూత్రం అయింది.

తర్వాత వచ్చిన లైట్ సిగరెట్ల కథ కూడా ఇంతే. ఫిల్టర్‌కు సన్నని రంధ్రాలు పెడితే పొగలో గాలి కలిసి యంత్రపు లెక్కల్లో తారు తగ్గేది. మనుషులు యంత్రాలు కారు. నికోటిన్ చాలక లోతుగా పీల్చారు, రంధ్రాలను వేళ్లతో మూశారు, ఎక్కువ కాల్చారు. ఈ సిగరెట్ల వల్ల ప్రజారోగ్యానికి మేలు జరిగినట్టు ఆధారం లేదని 2001లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ తేల్చింది.

కాయిల్ దగ్గరకు

2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు నేటి ఎలక్ట్రానిక్ సిగరెట్‌కు రూపం ఇచ్చాడు. ఆయన తండ్రి ఊపిరితిత్తుల కేన్సర్‌తో మరణించాడు. ఆయన కూడా పొగకు బానిసే. పొగాకును కాల్చకుండా నికోటిన్ మాత్రం అందించాలన్నది ఆయన ఆలోచన. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే ద్రవాల్లో నికోటిన్, సువాసన ద్రవ్యాలు కలిపి, బ్యాటరీతో వేడెక్కే కాయిల్ మీద ఆవిరి చేయడం ఈ పరికరం పని. దేనినీ కాల్చదు కనుక సిగరెట్ పొగలో ఉండే విషాలు చాలావరకు ఇందులో తక్కువ. ఇది నిజం. కాని తక్కువ అంటే లేవని కాదు.

కొందరికి కృత్రిమమైన పొగాకు వాసన నచ్చలేదు. అసలు ఆకు రుచే కావాలన్నారు. ఆకును గ్లిజరిన్‌లోనో గ్లైకాల్‌లోనో నానబెట్టి సారం తీశారు. కాయిల్ మాడింది. ఎందుకని? ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. నికోటిన్ 247 దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర. ఇవి ఆవిరై వెళ్లిపోతాయి. చక్కెర ఆవిరి కాదు. ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే మాడడం మొదలుపెడుతుంది. గ్లూకోజ్ 160 దగ్గర. బెల్లం పాకం గిన్నె అడుగంటినట్టు, చక్కెరలూ ఆకులోని మైనమూ జిగురూ రంగు పదార్థాలూ కాయిల్‌కు అంటి నల్లబడతాయి.

దీనికి వారు వెతుక్కున్న ఉపాయాలు ఏమిటంటే, ఇంకా సన్నని వడపోత, చక్కెర తక్కువగా ఉన్న ఎండలో ఆరిన ఆకు, సువాసనను మాత్రమే లాగే స్వేదనం. వీటివల్ల కాయిల్ ఎక్కువ రోజులు నిలుస్తుందన్నది వాస్తవమే. మరి వడపోత దేనిని ఆపుతుంది? ఈ సంగతి మన ఇళ్లలో రోజూ చూసేదే. కాఫీ ఫిల్టర్‌లో పొడి పైన ఆగిపోతుంది. డికాక్షన్ నల్లగానే దిగుతుంది. బెల్లం పాకం వడకడితే ఇసుక పోతుంది, తీపి పోదు. తేలియాడే దానినే వడపోత ఆపుతుంది. కరిగిపోయిన దానిని ఆపలేదు. ఆకును ఆరబెట్టేటప్పుడు పుట్టే నైట్రోసమైన్లు అలా కరిగే పదార్థాలే. వాటిలో ఎన్.ఎన్.ఎన్., ఎన్.ఎన్.కె. అనే రెండింటిని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు కేన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. అవి ద్రావకంలోకి దిగినా కాయిల్ మీద మచ్చ కనబడకపోవచ్చు.

చక్కెర తక్కువ ఆకు వాడినా సమస్య తీరదు. మాడు తగ్గుతుంది. ఆ సారంలో నికోటిన్ ఎంత ఉందో ఇంటి గాజుసీసా చెప్పదు. ఆకును బట్టి, నానబెట్టిన కాలాన్ని బట్టి అది మారిపోతుంది. ఇక కాయిల్ మీద మాడే చక్కెర ఊరకే అక్కడ కూర్చోదు. మాడుతూ ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులను వదులుతుంది. వేడి మరీ ఎక్కువైతే గ్లిజరిన్ కూడా విచ్ఛిన్నమై ఎక్రోలిన్ అనే ఘాటైన వాయువును పుట్టిస్తుంది. మిగిలింది మనకు కనిపించే మాడు. వెళ్లిపోయింది మనం పీల్చుకున్న గాలి.

శరీరమే సాక్షి

ఇంతవరకు చెప్పుకున్నవారంతా పరికరాన్ని చూశారు. నీళ్లను, ఫిల్టర్‌ను, కాయిల్‌ను. నిజాన్ని బయటపెట్టినవారు శరీరాన్ని చూశారు. మన దేశంలో ఆ పని చేసినవారిలో వి.ఆర్. ఖనోల్కర్ ముఖ్యులు. 1945లో ఆయన సూర్యాబాయితో కలిసి రాసిన వ్యాసంలో, విశాఖ ప్రాంతంలో చుట్టను నిప్పు ఉన్న కొస నోటిలో పెట్టుకుని కాల్చేవారికి అంగిలిలో వచ్చే కేన్సర్‌ను వర్ణించారు. మన పల్లెల్లో దానిని అడ్డచుట్ట అంటారు. దానిని కాల్చే మత్స్యకార స్త్రీలకు అందులో అపాయమేదీ కనిపించలేదు. అపాయం ఉన్నది అంగిలిలో. దానిని చూడడానికి ఒక వైద్యుడు నోరు తెరిపించి చూడవలసి వచ్చింది.

2019లో అమెరికాలో ఇదే పాఠం మళ్లీ వచ్చింది. ఆవిరి పరికరాలు వాడిన యువకులు ఉన్నట్టుండి ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఈ జబ్బు బారిన పడ్డారు, 68 మంది మరణించారు. పొగాకు సారం దీనికి ముఖ్య కారణం కాదు. గంజాయి ద్రవాల్లో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనె ప్రధాన కారణమని తేలింది. ఆ నూనె చూడడానికి స్వచ్ఛంగానే ఉంటుంది. మింగితే విటమిన్. పీలిస్తే ప్రాణాంతకం. ఎవరో కలిపిన, ఎవరూ పరీక్షించని ద్రవాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపడమంటే ఏమిటో ఆ 68 మంది కుటుంబాలకు తెలుసు.

మన దేశం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, అదే సంవత్సరం డిసెంబరులో చట్టం ద్వారా ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను నిషేధించింది. మొదటిసారి నేరానికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బ్రిటన్ వంటి దేశాలు వేరే దారి ఎంచుకున్నాయి. సిగరెట్ మానలేని పెద్దలకు వీటిని నియంత్రణతో అనుమతించాయి. ఈ రెండు విధానాల మీద చర్చ ఉంది, ఉండాలి కూడా. ఏ దేశమూ పిల్లలకు ఇవి మంచివని అనలేదు. కౌమారంలో మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఆ దశలో నికోటిన్ అలవాటు త్వరగా పడుతుంది, ఆలస్యంగా వదులుతుంది.

మరి పొగాకు సారానికి మంచి ఉపయోగమే లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. జనం పొగతాగేది నికోటిన్ కోసం, చనిపోయేది తారు వల్ల అని బ్రిటిష్ శాస్త్రవేత్త మైకేల్ రసెల్ 1976లో వివరించాడు. ఆ దృష్టితోనే స్వీడన్‌లో ఓవే ఫెర్నో బృందం నికోటిన్ చూయింగ్ గమ్ తయారుచేసింది. అది 1978లో స్విట్జర్లాండ్‌లో మందుగా అమ్మకానికి వచ్చింది. అందులోదీ పొగాకు నికోటినే. బోకార్మె కోటలోని విషమూ అదే. తేడా ఎక్కడుంది? గమ్‌లో నికోటిన్ ఎన్ని మిల్లీగ్రాములో కొలిచి పెట్టారు. మనుషుల మీద ఏళ్ల తరబడి పరీక్షించి ఫలితాలు రాశారు. అలవాటు నుంచి బయటపడడానికి వాడారు, అలవాటులోకి దిగడానికి కాదు. విషాన్ని మందుగా మార్చింది వడపోత కాదు. కొలత, పరీక్ష.

అక్బరు కొలువులో హకీము అడిగింది కూడా సరిగ్గా ఇదే. పరీక్షించారా అని. అసద్ బేగ్ దానికి జవాబు చెప్పలేదు, వాదన చెప్పాడు. మన దేశంలో నేడు పొగాకు వల్ల ఏటా 13 లక్షలకు పైగా మరణిస్తున్నారు. ఆ హకీము ప్రశ్నను పక్కకు నెట్టిన ఫలితం ఇది.

రేపు మీ స్నేహితుడెవరైనా కొత్త పరికరం చూపించి, ఇందులో మడ్డి లేదు, కాయిల్ చూడు ఎంత శుభ్రంగా ఉందో అనవచ్చు. కాయిల్ మారుస్తారు, ఊపిరితిత్తిని ఎక్కడ మారుస్తారు అని అడగండి. ఇప్పటికే అలవాటు పడి మానాలనుకునేవారు మీ ఇంట్లోనో హాస్టల్లోనో ఉంటే, వారిని ఎగతాళి చేయకండి. జాతీయ పొగాకు విముక్తి సహాయ కేంద్రం నంబరు 1800-11-2356. రుసుము లేదు. ఆ నంబరు వారికి రాసి ఇవ్వండి.